హీరోగారి కంకణం

మొన్న ఆదివారం మా వదిన నన్ను మ్యాట్నీకి బలవంతంగా లాక్కెళ్లింది. బలవంతమని ఎందుకంటున్నానంటే, ఆ హీరోగారి సినిమా ఇక జన్మలో చూడనని నేను ఒట్టు పెట్టుకుని ఏడాదిన్నర అయింది. ఆ సంగతి వదినకు తెలుసు. తెలిసే, సినిమా పేరు చెప్పకుండా ఫోన్‌లో టికెట్లు తీసేసి, ఈ తిరుపతి ఎండకు మూడు గంటలు ఏసీలో కూర్చుంటే చాలు, కథతో మనకేం పని అని నన్నూ మా ఆయన్నీ ఆటో ఎక్కించింది. థియేటరు ముందు దిగి తలెత్తి చూద్దును కదా, మేడంత బోర్డు మీద ఆయనే. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, కళ్లలో నీళ్లు. పక్కన చేటంత అక్షరాలతో, 'డాక్టరు పాత్రలో జీవించాడు' అని ఎవరో రాసిన మాట. అది చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగిపోదామంటే వదిన అప్పటికే పాప్‌కార్న్ దగ్గర నిలబడి ఉంది.

నేను సినిమాలను పరీక్షగా చూసే మనిషిని కాను. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నెత్తురు పరీక్షలు చేసి రిటైరయ్యాను. అప్పటినుంచి ఆదివారం వస్తే వదినా నేనూ ఒక మ్యాట్నీ. మా ఆయన తోడు వస్తాడు గానీ ఆయనకు సినిమా అంటే పేర్లు పడేదాకే, ఆ తర్వాత గురక. అయితే చూసినదాని మీద అభిప్రాయం లేకుండా నేను ఇంటికి రాలేను. పోయిన నెల ఒక లారీ డ్రైవరు కథ చూశాం. కూతురు తప్పిపోతుంది. తండ్రి వేషం వేసినాయన వానలో మోకాళ్ల మీద కూలబడి, ఆకాశం వైపు చేతులు చాచి, పది నిమిషాలు ఏడ్చాడు. హాలంతా ముక్కులు చీదే చప్పుడు. నా చూపు మాత్రం ఆయన జుట్టు మీదే ఉండిపోయింది. అంత వానలోనూ నుదుటి మీద పాయ చెదరలేదు. అదే సినిమాలో ఆ పిల్ల నాయనమ్మగా వేసిన ఆవిడ అన్నానికి నాలుగు కంచాలు పెట్టి, ఒక క్షణం చూసి, ఒకటి తీసి బోర్లించింది. మాట లేదు, వెనక సంగీతం కూడా లేదు. నేను పాప్‌కార్న్ పక్కన పెట్టేశాను. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే ఆవిడ గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. వానలో ఏడ్చినాయన గురించి మాత్రం అందరూ రాశారు. జీవించాడట.

ఆ ముందు చూసినదాన్ని మా సీమ కథ అన్నారు. మా యాస తెరకెక్కాలంటే చేతిలో కొడవలైనా ఉండాలి, నోట్లో బూతైనా ఉండాలి, లేకపోతే పక్కవాళ్లను నవ్వించే పనైనా ఉండాలి. చిత్తూరులో లెక్కల మాస్టర్లు, నర్సులు, పూజారులు, బ్యాంకు మేనేజర్లు కూడా ఇదే మాట మాట్లాడతారని ఆ డైరెక్టరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. హీరోయిన్ పెదాలు ఒకటి అంటుంటే గొంతు ఇంకొకటి అంటోంది. ప్రతి మాట చివరా ఒక 'అబ్బా' తగిలిస్తే చిత్తూరు అయిపోతుందనుకున్నారు. ఇంటర్వెల్‌లో నేను ఇదంతా ఏకరువు పెడుతుంటే, "నువ్వు సినిమా సూసేదానికొస్తావా, కొట్లాడేదానికొస్తావా?" అని వదిన నా చేతిలో సమోసా పెట్టింది.

ఇక మొన్నటి డాక్టరు సినిమా. సిరంజి పట్టుకున్న తీరు పెన్ను పట్టుకున్నట్టుంది. చేతికి రబ్బరు పట్టీ కట్టకుండానే నరం దొరికింది, నెత్తురు తీశాడు. అది పోనీలే, సినిమా కదా అనుకున్నాను. తర్వాత ఒక రోగి చనిపోతాడు. హీరోగారు తెల్లకోటు విప్పి పక్కన పెట్టి, ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని, అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తాడు. కెమెరా దగ్గరగా వచ్చింది. ఆయన మణికట్టు తెర నిండా కనిపించింది. శుభ్రమైన, నున్నటి, ఖాళీ మణికట్టు. ఆ తర్వాత సినిమా ఏమైందో నాకు తెలియదు. నేను లేచి బయటికొచ్చి, వదినా మా ఆయనా వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

ఒక మణికట్టు చూసి అంత మండిపడటం ఎందుకో చెప్పాలంటే మా చిన్నాయన గురించి చెప్పాలి. మా నాయనకు సొంత తమ్ముడు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో పెద్ద రోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. అక్కడ చిన్నాయనకు కాస్త శెనక్కాయ చేను, రెండు ఆవులు. ఏడాదిలో పదకొండు నెలలు ఆయన మీసాలున్న రైతు. ఆవుల్ని అదిలిస్తే పక్క వీధికి వినిపించే గొంతు. మిగిలిన ఒక్క నెల మీసం తీసేసి ద్రౌపది అయ్యేవాడు. మా వైపు ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. పద్దెనిమిదో రోజు పొద్దున దుర్యోధన వధ. గుడి ముందు మిట్ట మీద బండ్లకొద్దీ మట్టి పోసి, నాలుగు మంచాలు వరసగా వేసినంత పొడవున దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టినట్టు చేస్తారు. భీముడు తొడ మీద గద వేయగానే లోపల పెట్టిన కుండ పగిలి ఎర్రనీళ్లు కారతాయి. ద్రౌపది ఆ ఎరుపు తలకు రాసుకుని, అన్నాళ్లుగా విరబోసుకున్న జుట్టు ముడేస్తుంది. ఆ వెంటనే ఊరి ఆడవాళ్లు చీపుళ్లూ చేటలూ పట్టుకొచ్చి మట్టి దుర్యోధనుణ్ణి ఉతికి ఆరేస్తారు. మరునాడు ధర్మరాజు పట్టాభిషేకం, దాంతో భారతం ముగుస్తుంది.

చిన్నాయన ద్రౌపది ఏడ్చేది కాదు. నేను నటన అనేదాన్ని కొలిచే కొలత ఏదైనా ఉందంటే అదే, ఆ చిన్నప్పుడు చూసిందే. నిండు సభలో చీర లాగే ఘట్టంలో కూడా ఆయన కంట నీరు పెట్టేవాడు కాదు. జుట్టు విప్పుకుని, మిట్ట చుట్టూ ఒకసారి మామూలుగా నడిచి, ముందు వరసల్లో కూర్చున్న మగవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేవాడు. వాళ్లు తలలు దించుకునేవాళ్లు. సొంత తమ్ముడని తెలిసీ మా నాయన కూడా తల దించుకోవడం నేను చూశాను. తెల్లారితే ఆయన మళ్లీ చేలో కలుపు తీస్తూ కనిపించేవాడు. ఇంట్లో ఆయన నడకా మాటా ఎప్పుడూ ఆడవాళ్ల మాదిరి లేవు, ఊళ్లో ఎవరూ ఆయన్ని చూసి నవ్వనూ లేదు. ఆ పద్దెనిమిది రోజులూ మా పిన్నమ్మ కూడా జడ వేసుకునేది కాదు, వట్టి ముడితో తిరిగేది. అదేమని అడిగితే, ఆయన అంత జుట్టు ఇరబోసుకోని తిరగతా ఉంటే నాకెట్ట జడేసుకోబుద్దవుతాది అనేది. డెబ్బై దగ్గర పడ్డాక చిన్నాయన వేషం మాని వాద్యారయ్యాడు. అంటే కుర్రవాళ్లకు వేషాలు నేర్పే గురువు.

వేషం కట్టేవాళ్లకు మొదటిరోజు గుడిలో వాద్యారు కంకణం కడతాడు, తనూ ఒకటి కట్టుకుంటాడు. పసుపుకొమ్ము కట్టిన దారం, అంతే. అది చేతికున్నన్నాళ్లూ చెప్పులు వేసుకోకూడదు. ఒంటిపూట భోజనం. పొద్దుగూకేసరికి ఊరి పొలిమేరలో ఉండాలి. అంతా అయ్యాక ఎవరి కంకణం వాళ్లే గుడిలో అమ్మవారి, అంటే ద్రౌపదమ్మ, ఎదుట విప్పాలి. మా ఊళ్లో దీనికి తోడు ఇంకో కట్టడి ఉంది. కంకణం కట్టించుకున్నవాడు మధ్యలో పొలిమేర దాటిపోతే, కట్టిన వాద్యారు ఇంకో కంకణం తన చేతికే కట్టుకుని, వాడు తిరిగొచ్చి అమ్మవారి ముందు విప్పేదాకా వాడి నియమం తాను పాటించాలి. జ్వరం వచ్చి ఆసుపత్రికి పోయినవాళ్ల కోసం, ఒకటి రెండు రోజుల మాటగా, ఏ కాలంలోనో పెద్దవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. కంకణం కట్టించుకున్న మనిషి తిరిగి రాకపోవడమనేది ఒకటి ఉంటుందని వాళ్లకు తోచి ఉండదు.

రెండేళ్లు దాటింది, చలికాలం. వీధినాటకంలో ద్రౌపది వేషం కట్టే మనిషి కథతో సినిమా తీస్తున్నామనీ, హీరోగారు పది రోజులు ఊళ్లోనే ఉండి చిన్నాయన దగ్గర నేర్చుకుంటారనీ ఒక అసిస్టెంట్ కుర్రవాడు వచ్చి చెప్పాడు. నాకు ఆ వార్త తెలియగానే నేనూ ఊరికి పరిగెత్తాను, సినిమా పిచ్చి కదా. హీరోగారు మర్యాదస్తుడే. వచ్చీ రాగానే చిన్నాయన కాళ్లకు మొక్కాడు, కెమెరా కుర్రవాడు అది తీసుకున్నాడు. పిన్నమ్మ రాగిసంగటి వండి పెడితే దాన్నీ ఫోటో తీసుకుని, తన వ్యానులోకి పోయి దోసె తిన్నాడు. చిన్నాయన అదేమీ పట్టించుకోలేదు. పట్టుబట్టిందల్లా ఒక్కదానికే. కంకణం కట్టకుండా ద్రౌపదమ్మ అడుగు ఒక్కటి కూడా నేర్పనన్నాడు. గుడి పూజారి అడ్డం చెప్పాడు. ఇది భారతం కాలం కాదు, ఊరు కాని ఊరి మనిషి, మధ్యలో వదిలి పోతే ఎవరు మోస్తారని అడిగాడు. చిన్నాయన ఆలోచనలో పడ్డాడు. అప్పుడు, "కట్టు చిన్నాయనా, అంత పెద్ద హీరో పది దినాలు ఉండలేడా?" అని పక్కనుంచి అన్నది నేనే. ఆయన నా ముఖం చూశాడు. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అనుకున్నాడేమో, గుడికి తీసుకెళ్లి కట్టేశాడు. నియమాలన్నీ విడమరిచి చెప్పాడు. హీరోగారు చేతులు జోడించి అన్నిటికీ తలూపాడు.

మూడు రోజులు నేర్పాడు. వాద్యారయ్యాక ఎవరికీ అంత ఓపికగా నేర్పగా నేను చూడలేదు. జుట్టు ముడేసేటప్పుడు తొందరపడకూడదనీ, మొదటి చుట్టు చుట్టి ఆగి మట్టిమనిషి వైపు కాకుండా కూర్చున్న ఆడవాళ్ల వైపు చూడాలనీ, రెండో చుట్టు ఆ తర్వాతేననీ చేసి చూపించాడు. నాలుగో రోజు సాయంత్రం చిన్నాయన చేలో ఉండగా హీరోగారికి హైదరాబాదు నుంచి ఏదో ఫోనొచ్చింది, కారు వెళ్లిపోయింది. మళ్లీ వస్తారని అసిస్టెంట్ కుర్రవాడు పిన్నమ్మతో చెప్పాడట. చిన్నాయన ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, విషయం విని, పసుపుకొమ్ము అడిగాడు. ఆ కంకణం ఆయన చేతికి ఎక్కింది అప్పుడే.

ఇక్కడ నేను ల్యాబ్ మనిషిగా ఒక మాట చెప్పాలి. చిన్నాయనకు షుగరు. ఆ నెత్తురు పన్నెండేళ్లుగా పరీక్ష చేస్తున్నది నేనే. షుగరు మనిషి ఒంటిపూట తిని మాత్రలు మింగకూడదు. చెప్పులు లేకుండా చేలో తిరగకూడదు. పాదంలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. ఈ మాటలు నేను ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. ఇంకెంత, సినిమా పని అయిపోతే వస్తాడు అనేవాడు. ఎండాకాలం వచ్చింది, భారతం జరిగింది. అందరితోపాటు తన కంకణం విప్పేశాడు, హీరోగారిది మాత్రం చేతికి ఉండిపోయింది. అసిస్టెంట్ కుర్రవాడికి నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొదట్లో 'చెప్తానమ్మా' అనేవాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వానలు పడేసరికి చిన్నాయన కుడికాలి చిటికెన వేలు నల్లబడటం మొదలైంది.

దసరాకు సినిమా విడుదలైంది. మొదటిరోజే నేనూ వదినా చూశాం. ద్రౌపది వేషం కట్టే ఆ మనిషి ఇంట్లో కూడా ఒళ్లు తిప్పుకుంటూ నడుస్తాడు, చేతులు వంకరగా పెట్టి మాట్లాడతాడు. ఊరంతా వెనకపడి ఈలలు వేస్తుంది, పెళ్లాం సిగ్గుతో చచ్చిపోతుంటుంది. హాల్లో జనం పడీ పడీ నవ్వారు. మొదటి సగం నవ్వించి, రెండో సగం అతన్ని వెక్కి వెక్కి ఏడిపించి, చివరికి మిట్ట మీదే ప్రాణం పోగొట్టారు. జనం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. జుట్టు ముడేసే సన్నివేశంలో, మొదటి చుట్టు చుట్టి, ఆగి, ఆడవాళ్ల వైపు చూసి, రెండో చుట్టు చుట్టాడు. అచ్చం చిన్నాయనే. ఆ ఒక్క నిమిషం గొప్పగా చేశాడు, నాకు అదే ఎక్కువ మంట. మూడు రోజుల్లో అంత బాగా పట్టుకోగలిగినవాడు ఏమీ అర్థం కాని అమాయకుడు కాదు. ఆ వారం టీవీలో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. ఈ పాత్ర కోసం పల్లెలో దీక్ష పట్టాననీ, చెప్పులు లేకుండా తిరిగాననీ, ఒంటిపూట తిన్నాననీ హీరోగారు చెబుతుంటే అడిగే అమ్మాయి అబ్బురంగా వింటోంది. నేను రిమోటు గోడకేసి కొట్టాను. మా ఆయన బ్యాటరీలు ఏరుకున్నాడు.

మూడో వారంలో ఆ బృందం తిరుమల దర్శనానికి వచ్చింది. సినిమా ఆడితే అందరూ కొండకు వస్తారు కదా. దిగివచ్చాక మార్నింగ్ షో అయ్యే వేళకు మా తిరుపతి థియేటరుకు వస్తారని పేపర్లో చూశాను. కొత్త నంబరు నుంచి చేస్తే అసిస్టెంట్ కుర్రవాడు ఫోన్ ఎత్తాడు. ఈసారి మహా సంబరపడ్డాడు, గురువుగారు వస్తే బ్రహ్మాండంగా ఉంటుందమ్మా, తీసుకురండి అన్నాడు. చిన్నాయన పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు. ఇస్త్రీ పంచె, భుజాన కొత్త కండువా, కాలికి కట్టు, చెప్పుల్లేవు. చేతిసంచిలో తమలపాకులు, పసుపు, కుంకుమ. హీరోగారు వెంటనే ఊరికి వస్తానంటే ఆలస్యం కాకూడదని గుడి సరంజామా సర్దుకొచ్చాడు. పొద్దుటి ఆట ఆయన పక్కన కూర్చుని నేను మళ్లీ చూశాను, చూశానంటే ఆయన్నే చూశాను. ఒళ్లు తిప్పుకుంటూ నడిచే సన్నివేశంలో జనం నవ్వారు. చిన్నాయన తెర మీదినుంచి చూపు తిప్పి, వెనక్కి తిరిగి, నవ్వుతున్నవాళ్లను చూశాడు. చీకట్లో ఎవరూ తల దించుకోలేదు.

ఆట అయ్యాక లైట్లు వేశారు. హీరోగారు తెర ముందుకు రాగానే గోల గోల. చిన్నాయన్ని పిలిచారు. హీరోగారు చూడగానే ఆయన కాళ్లకు మొక్కాడు, కౌగిలించుకున్నాడు. చిన్నాయన మాత్రం ఆయన కుడిచెయ్యి పట్టుకుని చొక్కా పైకి జరిపాడు. మణికట్టుకు కొండ మీద కట్టిన ఎర్రదారాలు, ఖరీదైన గడియారం. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కంకణం యాడుండాది నాయనా?"

హీరోగారికి అర్థం కాలేదు. అసిస్టెంట్ కుర్రవాడు చెవిలో ఏదో చెప్పాడు. "ఓ, అదా! అది కాస్ట్యూమ్స్‌వాళ్ల దగ్గరుంటుంది సార్, సినిమాలో వాడాం కదా" అని నవ్వాడు. మైకు చేతిలోనే ఉంది, అందరికీ వినిపించింది. ఏదో పొగడ్త అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"ఒక్కతూరి ఊరికి రా నాయనా," అన్నాడు చిన్నాయన. "అమ్మోరి ముందర నీ సేత్తో ఇప్పేస్తే సాలు. పొద్దున వస్తే మాపటికి ఎలబారి పోవచ్చు."

"తప్పకుండా వస్తాను గురువుగారూ" అని హీరోగారు మైకులో మాటిచ్చి మళ్లీ కౌగిలించుకున్నాడు. చప్పట్లు. ఫోటోవాళ్లకు ఆ కౌగిలి సరిగా పడలేదు, ఇంకోసారి అన్నారు. ఇంకోసారి కౌగిలించుకున్నాడు. ఏడుపు మొహంతో ఒకటి, నవ్వు మొహంతో ఒకటి. ఆయన నటనలో ఆ రోజు చూసినంత తేలిక నేను తెర మీద ఎన్నడూ చూడలేదు.

పొద్దుగూకేలోగా పొలిమేర చేరాలని చిన్నాయన తొందరపడ్డాడు. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. నేను నోటికొచ్చినట్టు హీరోగారిని తిడుతున్నాను. ఆయన చాలాసేపు వినలేదు, సంచిలో తమలపాకులు వాడిపోకుండా సర్దుకుంటున్నాడు. తర్వాత, జుట్టు ముడేసేది మాత్రం బాగా పట్టినాడు పాపా అన్నాడు. నాకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు పాపనే. ఆ మీదట నా వైపు చూడకుండా అడిగాడు.

"నేనట్ట నడిసినానా పాపా, ఎప్పుడైనా? నువ్వు సిన్నప్పుట్నించి సూసినావు గదా. జనం అట్ట నవ్వినారా?"

లేదు చిన్నాయనా అన్నాను. నిజం చెప్పు అన్నాడు. మా నాయన తల దించుకున్న సంగతి చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు నాకు అనిపించలేదు. నలభై ఏళ్లకు పైగా గుండెల మీద చెయ్యేసుకుని నడిచిన మనిషికి మూడు గంటల్లో తన నడక మీదే అనుమానం పుట్టించారు. దీనికి ఏ శిక్ష ఉందో నాకు తెలియదు, ఉంటే మాత్రం వేయించేదాన్ని.

కార్తీకంలో ఆయన వేలు తీసేశారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాలన్నారు డాక్టర్లు, ఈయన రాత్రికి ఊళ్లో ఉండాలన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. నాకు తెలిసిన సర్జన్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలితే పొద్దున తీసి, మధ్యాహ్నం దాకా చూసి, నా పూచీ మీద పంపాడు. మా ఆయన కారులో వెనక సీట్లో కాలు చాపుకుని, పొలిమేర రాయి దాటాక గానీ చిన్నాయన కళ్లు మూసుకోలేదు. పిన్నమ్మ వాకిట్లో నిలబడి, కట్టు వైపు ఒకసారి, చేతి కంకణం వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి మంచం వాల్చింది. ఆమె ఆయన్ని తిడితే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

పోయిన ఎండాకాలం వదినతో కలిసి భారతానికి వెళ్లాను. దుర్యోధన వధ పొద్దున మిట్ట చుట్టూ ఊరి జనం, పక్క ఊళ్ల జనం. ద్రౌపది వేషం చిన్నాయన శిష్యుడిది, చిత్తూరులో ఆటో నడుపుతాడు, నిబ్బరమైన మనిషి. అతను జుట్టు విరబోసుకుని మిట్ట మీదికి నడిచి రాగానే ఒక మూలనుంచి ఈల వినిపించింది. ఫోన్లు పైకి లేచాయి. ఎవడో సినిమాలో నడక నడిచి చూపించాడు, పదిమంది నవ్వారు. మా మిట్ట మీద ద్రౌపదిని చూసి నవ్వడం నా ఎరుకలో అదే మొదటిసారి. ఆటో అతను ఒక్క అడుగు తడబడ్డాడు. వాద్యారు స్థానంలో నిలబడ్డ చిన్నాయన ముఖం నేను చూడలేకపోయాను. గద పడింది, కుండ పగిలింది, ద్రౌపది జుట్టు ముడేసింది. ఆడవాళ్లు చీపుళ్లతో ముందుకు ఉరికారు. నేను చిన్నప్పటినుంచి దూరంగా నిలబడి చూసే రకం, అలా కొట్టడం మోటుపని అనుకునేదాన్ని. ఆ రోజు పక్కావిడ చేతిలో చీపురు లాక్కుని వెళ్లాను. మట్టి దుర్యోధనుడి కుడిచేతి మణికట్టు దగ్గర నిలబడి, ఈనెలు విరిగిపోయేదాకా కొట్టాను. వదిన వచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు. నాకు ఏడుపు రాలేదు. కొట్టింది హీరోగారిని మాత్రమే కాదు, 'కట్టు చిన్నాయనా' అన్న నోటిని కూడా.

మరునాడు పట్టాభిషేకం. వేషగాళ్లంతా వరసగా అమ్మవారి ముందు కంకణాలు విప్పి పెడుతున్నారు. చిన్నాయన తనది విప్పాడు. రెండోది, చెమటకూ నీళ్లకూ నల్లబడి, పసుపుకొమ్ము అరిగి, అలాగే ఉంది. నేను బ్యాగులో చిన్న కత్తెర పెట్టుకొచ్చాను. చెయ్యి ఇట్టియ్యమన్నాను. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. వాడు రాడు చిన్నాయనా, వాడికి గుర్తు కూడా లేదు అని అరిచాను, గుడి అని కూడా చూడకుండా. పూజారి తల తిప్పుకున్నాడు. కట్టమన్నదాన్ని నేనే, పాపం నాకే తగలనీ, తియ్యనివ్వు అన్నాను.

"వానికి తెలీదు గాబట్టి పోయినాడు," అన్నాడు చిన్నాయన, మెల్లగా, చిన్నప్పుడు నాకు అడుగులు చూపించినట్టు. "నాకు తెలుసు గదా పాపా."

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఈ రాసేదంతా సినిమా అభిప్రాయం అని మొదలుపెట్టాను గానీ, నిజానికి ఆ ఒక్క మాటకు జవాబు దొరక్క రాస్తున్నాను. తెలియనివాడు హాయిగా తిరుగుతున్నాడు, తెలిసినవాడు కుంటుతున్నాడు, మధ్యలో నేను కత్తెర బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మొన్న సినిమా నుంచి వస్తూ ఆటోలో వదిన, హీరోగారి తర్వాతి సినిమా అప్పుడే మొదలైందట, ఈసారి రైతు వేషమట అని చెప్పింది. ఇంటికొచ్చి ఊరికి ఫోన్ చేస్తే పిన్నమ్మ ఎత్తింది. భారతానికి ఇంకో నెల లేదు, మట్టి తోలుతున్నారట, చిన్నాయన మిట్ట దగ్గరే ఉన్నాడట. ఎండెట్టుంది పిన్నమ్మా అని అడిగాను. కాళ్లు కాలిపోతా ఉండాయి అంది. ఆ ద్రౌపది వేషం సినిమా తిరుపతిలో నాలుగు వారాలు ఆడి వెళ్లిపోయింది. ఆ పాత్రలో చిన్నాయనకు మాత్రం ఇది మూడో ఎండాకాలం.